విదేశీ ఫుట్‌బాలర్‌కి పన్ను రాయితీ న్యాయమేనా? ఇలా లెక్కేసి తేల్చుకోండి

కోట్లలో సంపాదించే ఆటగాడికి ప్రభుత్వం పన్ను తగ్గించిందని వార్త వస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, నాకూ మండుతుంది. వెంటనే ఎవరో ఒకరు "అతను అసలు రాకపోతే ఆ తగ్గించిన పన్ను కూడా రాదు కదా" అంటారు, అదీ నిజమే అనిపిస్తుంది. ఇక అక్కడి నుంచి ఎవరి మాట మీద వాళ్ళు నిలబడిపోతారు, లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు. దీనికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు, శాలరీ స్లిప్ చూసి అర్థం చేసుకోగలిగితే చాలు. ఏ దేశమైనా, ఏ లీగ్ అయినా కింద చెప్పిన వరసలో చూసుకుంటూ వెళ్తే మీకే ఒక అభిప్రాయం కుదురుతుంది. ఉదాహరణలకు ఎక్కువగా స్పెయిన్, ఇటలీలను తీసుకుంటున్నాను, ఎందుకంటే ఈ రెండు దేశాలూ రాయితీ పెట్టి, కొన్నేళ్ళు నడిపి, చివరికి ఆటగాళ్ళకు తీసేశాయి, కాబట్టి కథ మొత్తం మన కళ్ళ ముందు ఉంది.

ముందు జీతం అంకె సంగతి తేల్చండి

ఉద్యోగం మారేటప్పుడు సీటీసీ ఎంత, చేతికొచ్చేది ఎంత అని విడివిడిగా అడుగుతాం కదా, ఇక్కడా అదే అడగాలి. ఇంగ్లండ్ పత్రికలు వారానికి ఇన్ని పౌండ్లు అని రాస్తే అది సాధారణంగా పన్నుకు ముందు అంకె. ఇటలీ పత్రికలు ఏడాదికి ఇన్ని మిలియన్ యూరోలు అని రాస్తే అది చాలాసార్లు పన్ను పోగా మిగిలేది. ఈ తేడా చూసుకోకుండా ఒక లీగ్ జీతాన్ని ఇంకో లీగ్ జీతం పక్కన పెడితే మొదట్లోనే తప్పుదారి పడతాం.

ఇటలీలోనూ స్పెయిన్‌లోనూ బేరం కూడా చాలావరకు చేతికొచ్చే డబ్బు మీదే నడుస్తూ వచ్చింది. "మా ప్లేయర్‌కి ఏడాదికి చేతికి ఇంత రావాలి" అని ఏజెంటు ఒక అంకె చెప్తాడు, దాని మీద పన్ను ఎంతైతే అంత క్లబ్బే చూసుకోవాలి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే రాయితీ ఎవరి జేబులోకి వెళ్తుందో దానంతటదే బయటపడుతుంది.

స్పెయిన్ లెక్క చూద్దాం. 2003 వేసవిలో డేవిడ్ బెక్‌హామ్ మాంచెస్టర్ యునైటెడ్ నుంచి రియల్ మాడ్రిడ్‌కి వచ్చాడు. బయటి దేశాల నుంచి ఉద్యోగానికి వచ్చే నిపుణులను, మేనేజర్లను ఆకర్షించాలని స్పెయిన్ 2004 నుంచి వర్తించేలా ఒక పన్ను నియమం తెచ్చింది, దాని వివరాలతో 2005 జూన్‌లో డిక్రీ వచ్చింది. దాన్ని వాడుకున్న తొలి ప్రముఖుల్లో బెక్‌హామ్ ఒకడు కావడంతో అందరూ దాన్ని బెక్‌హామ్ చట్టం అనడం మొదలుపెట్టారు, ఇప్పటికీ అలాగే అంటారు. అంతకుముందు పదేళ్ళుగా స్పెయిన్‌లో టాక్స్ రెసిడెంట్ (అంటే పన్ను లెక్కల్లో ఆ దేశ నివాసి) కాని మనిషి అక్కడికి పనికి వస్తే, వచ్చిన ఏడాదీ, ఆ తర్వాత ఐదేళ్ళూ స్పెయిన్ సంపాదన మీద మొదట 25 శాతం, 2007 నుంచి 24 శాతం కడితే సరిపోయేది. అదే సమయంలో స్థానికుల పై శ్లాబు మొదట 45 శాతం, 2007 నుంచి 43 శాతం.

ఇప్పుడు ఒక ఆటగాడికి చేతికి 60 లక్షల యూరోలు రావాలనుకోండి. కింది శ్లాబులు వదిలేద్దాం, ఈ స్థాయి జీతంలో వాటి ప్రభావం చాలా తక్కువ. 43 శాతం పన్నయితే క్లబ్బు దాదాపు 105 లక్షల యూరోలు ఖర్చు పెట్టాలి, అందులో 45 లక్షలు ప్రభుత్వానికి పోతాయి. 24 శాతమైతే క్లబ్బు ఖర్చు 79 లక్షలతో సరిపోతుంది, ప్రభుత్వానికి 19 లక్షలు వస్తాయి. ఆటగాడికి రెండు సందర్భాల్లోనూ అవే 60 లక్షలు. మధ్యలో 26 లక్షల యూరోలు ఏడాదికి ఏడాది క్లబ్బు ఖాతాలో మిగిలిపోయాయి. చర్చంతా ఆటగాడి విల్లా గురించీ కార్ల గురించీ నడుస్తుంటే అసలు లబ్ధిదారు మాత్రం పక్కన హాయిగా ఉన్నాడు, అది క్లబ్బు. మొత్తం క్లబ్బుకే పోతుందని కాదు, ఇద్దరు ముగ్గురు వెంటపడుతుంటే ఏజెంటు అందులో కొంత గుంజుకుంటాడు, కానీ బేరం టేక్ హోమ్ మీద జరిగినంత కాలం సింహభాగం క్లబ్బుదే.

దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్ళండి. జీతం ఎంత పెద్దదైతే రాయితీ అంత పెద్దది. అంటే 60 లక్షలు ఇచ్చే స్తోమత ఉన్న క్లబ్బుకి 26 లక్షల సాయం, 6 లక్షలు ఇచ్చే చిన్న ఊరి క్లబ్బుకి అందులో పదో వంతు. ప్రభుత్వం ఉన్నవాడికే మరింత పెట్టే పథకం రాసిందన్నమాట. అదే కాలంలో చాలా స్పానిష్ క్లబ్బులు పన్ను శాఖకు పెద్ద మొత్తాల్లో బకాయి పడి ఉన్నాయి కూడా. అందుకే ఆటగాడి మీద కోపం పక్కన పెట్టి ఈ డబ్బు ఏ క్లబ్బుకి పోయిందో అడగమంటాను.

పక్క లాకర్‌లో ఉన్నవాడితో పోల్చండి

రెండో పరీక్ష నాకు అన్నిటికన్నా ముఖ్యం. కోటీశ్వరుడికీ స్కూల్ టీచర్‌కీ పోలిక తెస్తే వినడానికి బాగుంటుంది కానీ అవతలివాళ్ళు "ఇద్దరి పనీ ఒకటి కాదు" అని తేలిగ్గా కొట్టిపారేస్తారు. అదే డ్రెస్సింగ్ రూమ్‌లో, అదే పని చేసే, అదే స్థాయి స్థానిక ఆటగాడితో పోల్చండి, అప్పుడు తప్పించుకోవడం కుదరదు.

పై లెక్కలో క్లబ్బు తన బడ్జెట్‌లో ఒక స్థానానికి 79 లక్షల యూరోలు పెట్టుకుందనుకుందాం. విదేశం నుంచి వచ్చినవాడికి ఇస్తే అతని చేతికి 60 లక్షలు వెళ్తాయి. అవే 79 లక్షలు స్పెయిన్‌లో పుట్టి పెరిగినవాడికి ఇస్తే చేతికి వచ్చేది 45 లక్షలు. అంటే స్థానిక కుర్రాడు అదే ఖర్చులో పోటీ పడాలంటే ఏడాదికి 15 లక్షల యూరోలు తక్కువకి ఒప్పుకోవాలి, లేదా ఆటలో అంత మేరకు మెరుగ్గా ఉండాలి. పెద్ద స్టార్‌కి ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు, రెండో వరస ఆటగాడికి మాత్రం ఉద్యోగం పోయేంత తేడా.

ఇక్కడ ఒక జాగ్రత్త. చట్టం పాస్‌పోర్ట్ చూడదు, టాక్స్ రెసిడెన్సీ చూస్తుంది. ఇటలీ రాయితీ కావలసినన్నేళ్ళు బయట ఆడి తిరిగొచ్చే ఇటాలియన్‌కి కూడా వర్తించేది. కాబట్టి "విదేశీయులకే ఇస్తున్నారు" అని వాదిస్తే ఒక్క ఉదాహరణతో మీ నోరు మూయిస్తారు. ఉన్న ఊళ్ళోనే ఉండి పన్ను కట్టుకుంటూ వచ్చినవాడు నష్టపోతున్నాడు అనండి, అది ఎటు తిప్పినా నిలబడుతుంది.

"రాకపోతే ఏమీ రాదు" అన్న వాదనకి అంకె అడగండి

ఈ వాదనని తేలిగ్గా తీసుకోవద్దు, దీనిలో నిజం ఉంది. 1995 డిసెంబర్‌లో బోస్మన్ తీర్పు (ఒప్పందం ముగిసిన ఆటగాడిని పాత క్లబ్బు ఆపలేదన్న యూరప్ కోర్టు తీర్పు) వచ్చాక యూరోపియన్ యూనియన్ లోపల ఆటగాళ్ళు స్వేచ్ఛగా క్లబ్బులు మారుతున్నారు, ఎక్కడ పన్ను తక్కువో అటు మొగ్గుతున్నారు. హెన్రిక్ క్లెవెన్, కమీల్ లాండే, ఇమ్మాన్యుయెల్ సాయిజ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 14 యూరప్ దేశాల లీగ్‌ల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. పన్ను తగ్గిస్తే విదేశీ ఆటగాళ్ళు, ముఖ్యంగా పైస్థాయి వాళ్ళు, నిజంగానే వస్తారని వాళ్ళు తేల్చారు. బెక్‌హామ్ చట్టం తర్వాత ఈ విషయంలో స్పెయిన్ ఇటలీని దాటి ముందుకు వెళ్ళింది కూడా.

అయితే వచ్చారా లేదా అన్నది సగం ప్రశ్నే. ఎంతమంది అదనంగా వచ్చారు అన్నది మిగతా సగం. దీనికి ఒక తేలిక లెక్క ఉంది, ఏ దేశానికైనా వాడుకోవచ్చు: పాత పన్ను శాతాన్ని కొత్త శాతంతో భాగించండి. 43ని 24తో భాగిస్తే దాదాపు 1.8. అంటే అదే స్థాయి జీతం ఉన్న ఆటగాళ్ళు పదిమంది రాయితీ లేకపోయినా వచ్చేవాళ్ళే అయితే, రాయితీ పెట్టాక 18 మంది వస్తేనే ఖజానాకి పాత వసూలు వస్తుంది. 17 మంది వస్తే నష్టమే. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా పిలిస్తే పన్ను ఎంతైనా వచ్చే ఆటగాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళందరికీ ఇచ్చింది ఉత్త పుణ్యానికి ఇచ్చినట్టే.

పైగా లీగ్‌లో చోట్లు పెరగవు. 20 జట్లు, జట్టుకి 11 మంది, అంతే. ఒక దేశం ఇంజనీర్లకు పన్ను తగ్గించి పిలిస్తే కొత్త కంపెనీలు, కొత్త ఉద్యోగాలు పుట్టే అవకాశం ఉంది. ఫుట్‌బాల్‌లో కొత్తగా ఒకడొస్తే పాతవాడొకడు బెంచీ మీదికో, కింది డివిజన్‌కో వెళ్తాడు. ఆ వెళ్ళినవాడు పూర్తి 43 శాతం కట్టే స్థానికుడైతే, ఖజానా ఒకవైపు 24 శాతం సంపాదించి ఇంకోవైపు 43 శాతం పోగొట్టుకుంటుంది, జీతాలు ఒకటి కాకపోయినా ఈ కోత మాత్రం లెక్కలో వేయాల్సిందే. పైన చెప్పిన అధ్యయనంలోనూ ఇదే కనబడింది: తక్కువ పన్ను పైస్థాయి వాళ్ళని రప్పిస్తుంది, కింది స్థాయి వాళ్ళని తోసేస్తుంది. ఐటీ వాళ్ళకి ఇస్తున్నప్పుడు ఫుట్‌బాలర్లకి ఎందుకు ఇవ్వకూడదు అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే.

నెదర్లాండ్స్‌లో ఉన్న మన తెలుగువాళ్ళకి ఈ విషయం మరీ దగ్గరిది. ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఐండ్‌హోవెన్‌లోనో ఉద్యోగంలో చేరగానే మొదట వినబడేది "30 శాతం రూలింగ్ వచ్చిందా" అన్న మాటే. జీతంలో 30 శాతం వరకు పన్ను లేకుండా తీసుకునే ఆ వెసులుబాటు డచ్ లీగ్‌లో ఆడటానికి బయటి నుంచి వచ్చే ఫుట్‌బాలర్లకీ ఉంది. మనం తీసుకుంటూ వాళ్ళని ఎలా అంటాం అని వెనక్కి తగ్గనక్కర్లేదు. ఇల్లు మారడం, కొత్త దేశంలో సర్దుకోవడం లాంటి అదనపు ఖర్చులకు బదులుగా పెట్టిన సౌకర్యం అది. ఇంజనీర్ జీతం మీద 30 శాతం ఆ ఖర్చులకు అటూ ఇటూగా సరిపోతుంది, మిలియన్ల జీతం మీద 30 శాతానికి ఆ పోలికే లేదు. డచ్ ప్రభుత్వం కూడా ఇది గ్రహించి 2024 నుంచి పరిమితి పెట్టింది: ఆ ఏడాది 2,33,000 యూరోల జీతం వరకే లెక్క, దాని పైన మామూలు పన్ను.

షరతులు చదవండి, ముఖ్యంగా చిన్న అక్షరాల్లో ఉన్నవి

రాయితీ మంచిదా చెడ్డదా అన్నది తరచుగా పరిమితి ఉందా లేదా అన్న దగ్గరే తేలుతుంది. స్పెయిన్ 2010లో 6,00,000 యూరోల గీత గీసింది, ఏడాదికి అంతకు మించి సంపాదించేవాళ్ళకి రాయితీ లేదంది. అయితే అంతకుముందే వచ్చినవాళ్ళకి పాత సౌకర్యం కొనసాగింది, 2009 వేసవిలో రియల్ మాడ్రిడ్‌కి వచ్చిన క్రిస్టియానో రొనాల్డో ఆ కోవలోనివాడే. 2015 నుంచి క్రీడాకారులను ఈ పథకం నుంచి పూర్తిగా తప్పించారు. 2023లో స్టార్టప్‌ల చట్టంతో మిగతా ఉద్యోగులకు షరతులు సడలించి, పదేళ్ళ నియమాన్ని ఐదేళ్ళకి తగ్గించినప్పుడు కూడా ఆటగాళ్ళని మళ్ళీ లోపలికి రానివ్వలేదు. స్పెయిన్ లీగ్ లా లిగా ఏమీ మూతపడలేదు.

ఇటలీ కథ ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే ఒక న్యాయం చెయ్యబోతే ఇంకో అన్యాయం ఎలా పుడుతుందో అందులో కనబడుతుంది. 2019లో తెచ్చిన డెక్రెతో క్రెషితా అనే డిక్రీతో, బయటి నుంచి వచ్చే ప్రొఫెషనల్ ఆటగాళ్ళ జీతంలో సగానికే పన్ను. పై శ్లాబు 43 శాతం కాబట్టి స్థానిక పన్నులు వదిలేస్తే పడేది 21.5 శాతం. షరతు ఏమిటంటే అంతకుముందు రెండేళ్ళు ఇటలీలో టాక్స్ రెసిడెంట్ అయి ఉండకూడదు, వచ్చాక రెండేళ్ళు ఉండాలి. పన్ను పడే ఆదాయంలో 0.5 శాతం యువ క్రీడాకారుల శిక్షణకు కట్టాలి కూడా. మంచి మాటే, కానీ పోయేది 21.5 శాతం, తిరిగొచ్చేది పన్ను పడే సగం మీద 0.5 శాతం. ఇలాంటి మంచి మాట చట్టంలో కనబడినప్పుడల్లా రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి.

తర్వాత ఏమైందంటే, ఈ రాయితీ వల్ల పెద్ద స్టార్లే కాదు, 18, 19 ఏళ్ళ మామూలు విదేశీ కుర్రాళ్ళు కూడా ఇటాలియన్ కుర్రాళ్ళ కంటే చవగ్గా పడుతున్నారు, అకాడమీల్లో ఉన్నవాళ్ళకి దారి మూసుకుపోతోంది అన్న విమర్శ వచ్చింది. దాంతో 2022లో షరతు బిగించారు: 20 ఏళ్ళు దాటాలి, ఏడాది ఆదాయం 10 లక్షల యూరోలు మించాలి. స్థానిక పిల్లల్ని కాపాడటానికి అది సరైన పనే. కానీ ఇప్పుడు ఫలితం చూడండి: 9 లక్షలు సంపాదించేవాడు పూర్తి పన్ను కట్టాలి, 11 లక్షలు సంపాదించేవాడు సగం మీదే కడతాడు. పన్ను అంటే ఉన్నవాడు ఎక్కువ కట్టాలన్న మూల సూత్రమే తలకిందులైంది. నేను ఈ పథకాన్ని అన్యాయం అనడానికి ఇదే కారణం: యువ ఆటగాళ్ళకి న్యాయం చేస్తే సాధారణ పన్ను చెల్లింపుదారుడికి అన్యాయం, అతనికి న్యాయం చెయ్యబోతే యువ ఆటగాళ్ళకి అన్యాయం. చివరికి 2023 డిసెంబర్ 31 వరకు కుదిరిన ఒప్పందాలను ఉంచి, ఆ తర్వాత వచ్చేవాళ్ళకి తీసేశారు. ఇటలీ లీగ్ సెరీ ఆ క్లబ్బులు గట్టిగానే నిరసన తెలిపాయి, మొదటి లెక్క గుర్తుంటే అరిచింది ఆటగాళ్ళ కంటే క్లబ్బులే ఎందుకో మీకు అర్థమైపోతుంది.

బెల్జియం దారి వేరు. అక్కడ ఆటగాడి పేరే ఎత్తకుండా, జీతాల నుంచి పట్టుకున్న పన్నులో 80 శాతం దాకా క్లబ్బులే ఉంచుకోవచ్చన్నారు, అందులో కొంత యువకుల మీద ఖర్చు పెట్టాలన్నారు. తర్వాత దాన్నీ కాస్త కుదించారు. సొమ్ము క్లబ్బుకే పోతోందని ఒప్పుకున్నంత వరకు ఇది నిజాయితీగా ఉంది.

వాడకూడని వాదన ఒకటి

"విదేశీ ఆటగాళ్ళ వల్ల జాతీయ జట్టు నాశనమైంది" అన్నది వినడానికి బలంగా ఉంటుంది, దయచేసి పన్ను చర్చలోకి తేవద్దు. బెక్‌హామ్ చట్టం నడుస్తున్న రోజుల్లోనే స్పెయిన్ 2008 యూరో కప్, 2010 ప్రపంచ కప్, 2012 యూరో కప్ వరసగా గెలిచింది. ఇటలీ 2018 ప్రపంచ కప్‌కి అర్హత సాధించలేకపోయింది, అప్పటికి డిక్రీ పుట్టనే లేదు. డిక్రీ అమల్లో ఉండగా 2021లో యూరో కప్ గెలిచింది, మరుసటి ఏడాదే ఉత్తర మాసిడోనియా చేతిలో ఓడి ప్రపంచ కప్‌కి దూరమైంది. ట్రోఫీలతో ఏ పక్షమైనా గెలవొచ్చు, అందుకే అవి పనికిరావు.

పొరుగు దేశం తగ్గిస్తే మనమూ తగ్గించాలి అన్న మాట కూడా జాగ్రత్తగా వినాలి. స్పెయిన్ 24 అంటే ఇటలీ 21.5 అంది. 2023 మొదట్లో రొనాల్డో సౌదీలోని అల్ నస్ర్‌కి వెళ్ళాడు, అక్కడ జీతం మీద పన్నే లేదు, గల్ఫ్‌లో పనిచేసిన మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళని ఎవర్ని అడిగినా చెప్తారు. సున్నాతో పోటీ పడి ఏ యూరప్ దేశమూ గెలవలేదు.

ఇప్పుడు ఇదే వరసను మన దగ్గర పెట్టి చూడండి

భారతదేశంలోనూ ఇలాంటి నియమం ఉంది, క్రికెట్ హడావిడిలో ఎవరూ పట్టించుకోరు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 115 బిబిఏ సెక్షన్‌గా వచ్చిన నియమం ప్రకారం భారత పౌరుడూ ఇక్కడి నివాసీ కాని ఆటగాడి సంపాదన మీద పన్ను 20 శాతం, సర్‌ఛార్జి, సెస్ అదనం. 2012కి ముందు 10 శాతమే ఉండేది. మన ఆటగాడి పై శ్లాబు 30 శాతం. 2023 డిసెంబర్ వేలంలో ప్యాట్ కమిన్స్‌ని సన్‌రైజర్స్ హైదరాబాద్ 20.5 కోట్లకి తీసుకుంది, అది పన్నుకు ముందు ధర, కాబట్టి శాతంలో తేడా వల్ల మిగిలేది ఫ్రాంచైజీకి కాదు. పోనీ ఆటగాడికైనా మొత్తం మిగులుతుందా అంటే అదీ కాదు, ఆస్ట్రేలియాలో టాక్స్ రెసిడెంట్‌గా ఉన్నవాడు ఈ ఆదాయాన్ని అక్కడా చూపించి, ఇక్కడ కట్టింది పోను మిగతాది అక్కడ కట్టాలి. ఖర్చులు తీసేసుకునే వీలు కూడా ఇక్కడ అతనికి లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఐపీఎల్ తుది జట్టులో విదేశీయులు నలుగురే, పన్ను ఎంత తగ్గించినా ఐదోవాడు వచ్చి మన కుర్రాడి చోటు తీసుకోలేడు. అందుకే యూరప్ పథకాలని అన్యాయం అన్న నేను దీన్ని అంత మాట అనను. ఆ నలుగురి పరిమితి ఎత్తేసిన రోజున మాత్రం ఈ 20 శాతాన్ని మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి లెక్కేయాల్సి ఉంటుంది.